రూతమ్మ పేరు మీద రాసిన పుస్తకాలు

ఏంది పాపా అది, నేను రాంగానే దిండు కిందికి తోసినావు? చూపీ. నేనేమన్నా మీ నాయననా, చింపి పారెయ్యడానికి? చూపీ అంటే. ఊ. కళ్లజోడు లేకపోయినా బొమ్మ కనపడతానే ఉంది, ఒక ఆడమనిషి నోరు తెరిచి అరుస్తాంది, వెనకాల ఒకడు కత్తి పట్టుకోని నిలబడినాడు. అబ్బో, దీనికి పైన సైన్సు పుస్తకం అట్ట కూడానా! మడత చూస్తేనే తెలిసిపోతాంది, కొత్తగా నేర్చినావని. మూలలు లోపలికి మడిచి మైదా జిగురు పెట్టాల. ఇట్ల వదిలేస్తే ఎవరన్నా లాగినారంటే ఊడి చేతికొస్తాది. నాకెట్ల తెలుసంటావా? ఈ ఇంట్లో ఆ విద్యకు మొదటి పంతులు నేనే. నవ్వకు. కూర్చో, ఇట్ల మంచం మీద కూర్చో. మీ నాయన అంగడి నుంచి వచ్చే లోపల నీకొక మాట చెప్పాల. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీ అవ్వకు కూడా చెప్పకుండానే ఆమెను సాగనంపినా. ఇప్పుడు ఆ పుస్తకం దాచేటప్పుడు నీ చెవులు ఎర్రగా అయినాయి చూడు, అది చూస్తే రూతమ్మ గుర్తుకొచ్చింది.

రూతమ్మ అంటే రూతమ్మ టీచరు. నువ్వెట్ల ఎరుగుతావులే, మీ నాయనే పుట్టలేదు అప్పటికి. తెల్లోళ్ల కాలం. మన మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లా, పెద్ద కచేరీలన్నీ మద్రాసులో. నాకు ఇరవై ఆరో ఇరవై ఏడో. పలకల కార్ఖానాలో రైటరు పని. ఇప్పుడు నువ్వు చూసే మిషన్లు కాదు. గని నుంచి బండ వస్తే మొగోళ్లు ఉలితో పొరలు పొరలుగా చీల్చేది, ఆడోళ్లు వరసగా కూర్చోని నీళ్లు పోసి రుద్ది నునుపు చేసేది, ఆ తర్వాత కొయ్య చట్రం. సాయంత్రానికి అందరి కనురెప్పల మీదా దుమ్మే. నేను మాత్రం తెల్లటి ఖద్దరు చొక్కా వేసుకోని నీడలో కూర్చోని చీటీలు రాస్తా ఉంటా. ఎన్ని ఊర్ల పిల్లోళ్లు మన రాయి మీద అక్షరాలు దిద్దినారో. సరే, ఆ సంగతి వద్దు. రూతమ్మ ఆడపిల్లల బడిలో టీచరు. దొనకొండ మనిషి. ఆమె తమ్ముడు ఏబేలు అక్కడ రైల్వేలో ఫిట్టరు. మొగుడు పెళ్లైన రెండేళ్లకే కలరా తగిలి పోయినాడంట. ఒక్కతే బడి వెనకాల చిన్న గదిలో ఉండేది. సన్నంగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచీర, నడిస్తే తల పైకెత్తుకోని నడిచేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. నన్ను ‘తమ్ముడూ’ అని పిలిచేది. నేను ‘టీచరమ్మా’ అనేవాణ్ణి. అక్కా అని ఒక్కసారి కూడా నోరారా అనలేదు. అప్పటి రోజులు అట్లాంటివి పాపా. ఆమె చెప్పే చదువు అందరికీ కావాల, ఆమె మాత్రం అరుగు కిందనే నిలబడాల. నేనూ ఎప్పుడూ పైకి రమ్మనలేదు. అది కూడా చెప్తున్నా, ఎందుకంటే చెప్పాల్సిన దాంట్లో అదీ ఒకటి.

ఇంక గ్రంథాలయం సంగతి. అప్పుడు ఊరూరా గ్రంథాలయాలు పెట్టే రోజులు, అదొక ఊపు. మన ఊర్లో కూడా ఒక గది, రెండు బల్లలు, మూడు బీరువాలు. ప్రెసిడెంటు లక్ష్మీనరసయ్య గారు, ప్లీడరు. కార్యదర్శి ఎవరనుకున్నావు? నేనే. చెన్నకేశవులు, గౌరవ కార్యదర్శి. రబ్బరు స్టాంపు కూడా ఉండేది నాకు. లక్ష్మీనరసయ్య గారు మంచి పండితుడు, మాట్లాడితే పుస్తకం చదివినట్టే ఉంటాది. ‘గ్రంథమనగా మానవుని ఉద్ధరించునది చెన్నకేశవులూ, వినోదమునకై చదువువాడు కల్లు త్రాగువానితో సమానము’ అనేవాడు, మీసం కొన తిప్పుతా. ఒకరోజు ఏమైందంటే, నల్లమలలో పనిచేసే ఫారెస్టు రేంజరు ఒకాయన బదిలీ మీద పోతా పోతా తన ట్రంకు పెట్టెడు పుస్తకాలు మాకిచ్చి పోయినాడు. ప్రెసిడెంటు గారు పెట్టె తెరిచి చూస్తే ఏముంది? అన్నీ నవలలే. అపరాధ పరిశోధన నవలలు. ‘ఏడో మెట్టు కింద శవం’, ‘జమీందారు గారి రెండో భార్య’, ‘మందారవల్లి మృత్యులేఖ’, ‘ఆకుపచ్చ చెప్పుల హంతకుడు’. ముప్పై, నలభై ఉంటాయి. అడవిలో ఒంటరి బంగళాలో పాపం ఆ రేంజరు ఏం చేస్తాడు మరి. ప్రెసిడెంటు గారి మొహం ఎట్ల అయిందనుకున్నావు, పాలలో ఈగ కనపడినట్టు. పారెయ్యమంటే దానమిచ్చిన పుస్తకాలాయె, పారెయ్యకూడదు. అందుకని ఏమన్నాడు, ‘మూడవ బీరువాలో అడుగున పెట్టి తాళము వేయుము. అడిగినవారికి ఇమ్ము, కాని పేరు రిజిస్టరులో వ్రాసి ఇమ్ము. ఎవడు సిగ్గు విడిచి అడుగునో చూతము’ అన్నాడు. రిజిస్టరు బల్ల మీదనే ఉంటాది, ఎవరైనా తిరగెయ్యచ్చు. ఎవడడుగుతాడు? ఒక్కడు కూడా అడగలేదు. బీరువా దగ్గరికి వచ్చేది, అద్దంలోంచి అడుగు అర వైపు చూసేది, పురాణం తీసుకోని పోయేది.

తాళంచెవి నా దగ్గర. మొదటి పుస్తకం తీసినప్పుడు ఏమనుకున్నా, ఇందులో ఏం చెడుందో తెలుసుకుంటే ఉపన్యాసంలో చెప్పొచ్చు గదా అనుకున్నా. నిజంగా అట్లే అనుకున్నా. మధ్యాహ్నం అన్నాల వేళ కార్ఖానాలో పలకల దొంతుల వెనకాల కూర్చోని తెరిచినా. మేస్త్రీ వచ్చి ‘రైటరు గారూ, గంట కొట్టి ఎంతసేపైంది’ అంటే గాని ఈ లోకంలోకి రాలేదు. ఆ శవం మెట్టు కిందికి ఎట్ల వచ్చిందో తెలిసే దాకా అన్నం సయించలేదు నాకు. తర్వాత రెండోది, మూడోది. అట్టలు వేసేది. పైన నా చేత్తో ‘భక్తి’ అని పెద్దక్షరాలతో రాసేది. ఇంటికి తెచ్చుకుంటే మా అమ్మ, పాపం ఆమెకు అక్షరం రాదు, కొడుకు అంత కదలకుండా చదువుతున్నాడంటే ఏదో పురాణమే అనుకోని, నేను స్నానానికి పోయినప్పుడు ఆ అట్ట మీద కుంకుమ బొట్టు పెట్టింది. ఒక హంతకుడి నవలకు కుంకుమ బొట్టు! నవ్వు, నువ్వు నవ్వొచ్చు. నాకప్పుడు కూడా నవ్వు రాలేదు. ఆ వారమే సభలో ‘యువకులారా, ఈ చెత్త నవలలు మన జాతిని తినే చెదలు’ అని అరగంట మాట్లాడినా. చప్పట్లు కొట్టినారు. ఇంటికొచ్చి బొట్టు పెట్టిన ఆ పుస్తకమే తెరిచినా.

ఇంక అసలు తప్పు. ఒకరోజు ప్రెసిడెంటు గారు వచ్చి బీరువా అద్దంలోంచి చూస్తా, ‘ఇక్కడ సందు కనబడుచున్నదే, ఈ పుస్తకమేదీ?’ అన్నాడు. నా నోట్లోంచి ఎట్ల వచ్చిందో, ‘స్త్రీలకు పోయిందండీ’ అన్నా. ‘స్త్రీలకా’ అని ఒక మాదిరిగా నవ్వి పోయినాడు. స్త్రీలంటే ఏందంటే, ఆడోళ్లు గ్రంథాలయానికి వచ్చే ఆచారం లేదు అప్పట్లో. రూతమ్మ ప్రతి శుక్రవారం బడి అయినాక ఒక చేతిసంచి తెచ్చి, తనకూ, ఇంకా నాలుగిండ్ల ఆడోళ్లకూ పుస్తకాలు తీసుకోనిపోయి ఇచ్చి తెచ్చేది. అవన్నీ ఆమె పేరు మీదనే, రిజిస్టరు వెనక పుటల్లో నేనే రాసుకునేది. సంతకం పని లేదు. ఆ వెనక పుటలు ఎవరూ చూసేవాళ్లు కాదు. అన్నాక రాయాల గదా, మాటకు మాట కుదరాల గదా. రాసినా. ‘రూతమ్మ, ఏడో మెట్టు కింద శవం.’ అంతే. ఆమె రెండు తీసుకోనిపోతే నేను ఒక్కోసారి నాలుగు రాసేది. రెండు ఆమె సంచిలోకి, రెండు నా చొక్కా కిందికి. ఎవరికి నష్టం అనుకున్నా. ఊరు గాని ఊరి మనిషి, మన బంధువుల్లో లేదు, మన కులంలో లేదు, ఆమె పేరైతే ఏం పోతాది అనుకున్నానో ఏమో. అనుకోలేదని చెప్తే అబద్ధం అవుతాది.

అట్లని ఆమె ఆ నవలలు ముట్టనే లేదని కాదు. అది కూడా చెప్పాల. ఒక శుక్రవారం అరుగు కింద నిలబడి, ఏ దాపరికం లేకుండా, ‘తమ్ముడూ, ఆ అడుగు అరలోవి ఒకటియ్యి, పిల్లల నోట్సులు దిద్ది దిద్ది తల దిమ్మెక్కింది’ అంది. గదిలో ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు పేపరు చదువుతా ఉండారు. నాకే చెమట పట్టింది. ఆమె మాత్రం పుస్తకం తీసుకోని, పేరు చూసి, ఫక్కున నవ్వి, అట్ట లేకుండానే చేతిలో పట్టుకోని వీధిలో పోయింది. మళ్లీ వారం వచ్చి ‘భలే రాసినాడు, వంటమనిషి మీద నాకు మొదట్నించీ అనుమానమే’ అంది. అట్ల మూడు చదివింది, బాగా గుర్తు నాకు, మూడే. ఆమెతో కూర్చోని ఆ కథలు మాట్లాడాలని ప్రాణం కొట్టుకునేది. నేనూ చదివినా టీచరమ్మా, నేను కూడా వంటమనిషే అనుకున్నా అని. ఒక్కసారి కూడా అనలేదు. ‘అట్లనా అండీ, నేనట్లాంటివి చదవను’ అన్నా.

రెండేళ్లు గడిచినాయి అట్ల. వార్షికోత్సవం విజయదశమి నాడు. ఎక్కువ పుస్తకాలు చదివిన వాళ్లకు బహుమానం ఇద్దామని చెప్పింది నేనే. నా బుద్ధికి ఏమనాల! ప్రెసిడెంటు గారి అల్లుడు అందరికంటే ఎక్కువ చదివినాడని ముందే చూసి పెట్టుకున్నా, ఆయన్ను సంతోషపెడదామని. కార్ఖానాలో మంచి రాయి ఏరి పెద్ద పలక చేయించినా, చట్రానికి నల్ల పాలిష్, గెలిచిన వాళ్ల పేరు చెక్కించి ఇస్తామని. సరస్వతీ పూజకు పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చి, రిజిస్టరు కూడా పైన పెట్టి, పసుపు కుంకుమ వేసి, పూలు పెట్టి హారతి ఇచ్చినాక, ప్రెసిడెంటు గారు చేతులు తుడుచుకుంటా ‘చెన్నకేశవులూ, ఈ పర్యాయము స్త్రీల పుటలు కూడ లెక్కింతము. స్త్రీవిద్యను మనమే ప్రోత్సహింపకున్న ఎవరు ప్రోత్సహింతురు?’ అన్నాడు. ‘ఇప్పుడే చూస్తానండీ’ అని రిజిస్టరు మీద చెయ్యి వెయ్యబోతే, ‘ఏయ్! పూజలో ఉంచిన పిదప ముట్టుదువా?’ అని కసిరినాడు. పూజలో పెట్టింది పూజ ఎత్తే దాకా ముట్టకూడదు, చదవకూడదు, రాయకూడదు. నీకు తెలుసు గదా, నువ్వు కూడా పరీక్ష పుస్తకాలు పెట్టేసి ఆ మూడు రోజులూ ఊరేగుతావు.

మూడు రోజులు పాపా. గది తాళం నా మొలతాడుకే ఉంది. పోయి ఆ పుటలు చింపెయ్యచ్చు. రెండుసార్లు పోయినా కూడా. తలుపు తెరిచినా. ఆ పసుపు, ఆ కుంకుమ, ఎండిన పూలు చూసి, ముట్టుకుంటే ఉన్న చదువు పోతాదని భయపడి వెనక్కొచ్చినా. పరాయి ఆడమనిషి పేరు రాసేటప్పుడు రాని భయం, కుంకుమ చూస్తే వచ్చింది చూడు నాకు! పోనీ రూతమ్మ దగ్గరికి పోయి ఇట్ల చేసినా టీచరమ్మా అని చెప్పొచ్చు గదా. బడి వెనకాల గది ఎంత దూరం? చెప్పలేదు. ప్రెసిడెంటు గారు మర్చిపోతాడులే అనుకుంటా కూర్చున్నా.

మర్చిపోలేదు. గ్రంథాలయం ముందర పందిరి వేసి సభ, ఊరంతా వచ్చినారు. చాపల మీద మొగోళ్లు, అటు తడికె చాటున ఆడోళ్లు. బడి పిల్లలు ప్రార్థన పాడినారు, రూతమ్మ పందిరి గుంజ దగ్గర నిలబడి చేత్తో తాళం చూపిస్తాంది. పూజ ఎత్తినాక ఆయన రిజిస్టరు చేతికి తీసుకోని కళ్లకద్దుకోని లెక్కపెట్టినాడు. నా చేతుల్లో ఆ పలక. ‘ఆశ్చర్యము! ఈ ఏట నూట ముప్పది నాలుగు గ్రంథములు. రూతమ్మ!’ అన్నాడు. చప్పట్లు. పిల్లలైతే ఎగిరినారు, ‘మా టీచరుకే, మా టీచరుకే’ అని. ఆమె నమ్మలేనట్టు చూసింది, తను తీసుకున్నవి అన్ని లేవని తెలుసు గదా. నవ్వుకుంటా బల్ల దగ్గరికి వచ్చింది. ‘ఏమేమి చదివెనో సభవారు వినవలెను’ అని ఆయన మొదలుపెట్టినాడు. శిశుపోషణ, ఆరోగ్యము, ఏదో భక్తురాలి చరిత్ర. చప్పట్లు. తర్వాత గొంతు నెమ్మదించింది. ‘ఏడో... మెట్టు కింద... శవం.’ ఎవరో కిసుక్కుమన్నారు. ‘జమీందారు గారి... రెండో భార్య.’ నవ్వులు. ‘మందారవల్లి...’ ఆయన ఆపొచ్చు గదా, ఆపలేదు. కోర్టులో సాక్షిని నిలబెట్టినట్టు ఒక్కొక్కటీ చదివినాడు. ‘ఆకుపచ్చ చెప్పుల హంతకుడు’ అనేటప్పటికి చాపల మీద వాళ్లు పొట్టలు పట్టుకోని నవ్వుతా ఉండారు. తడికె అవతల మాత్రం చప్పుడు లేదు. పిల్లలకు అర్థం కాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటా ఉండారు. రిజిస్టరు మూసి, ‘ఏమమ్మా, ఇవన్నియు నీవు చదివినవేనా?’ అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. రాసేది ఎవరో ఆమెకు తెలియదా? ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది ఆమెకు, నా మొహంలోనే ఉంది. కోపంగా చూసిందనుకుంటావేమో, లేదు. ఎదురుచూసినట్టు చూసింది. తమ్ముడు ఇప్పుడు నోరు తెరుస్తాడు, ఇప్పుడు తెరుస్తాడు అని నాకు టైము ఇచ్చింది. నేను పలక వైపు చూసినా. చట్రానికి ఒక మూల పాలిష్ సరిగ్గా అంటలేదు, దాన్నే చూస్తా ఉన్నా. అప్పుడామె ‘అవునండీ, నేను చదివినవే’ అంది. అని ఊరుకోలేదు, ‘చదివితే తప్పా అండీ, బాగుంటాయి’ అంది. ఎందుకు ఒప్పుకుందో నాకు ఇప్పటికీ తెలీదు. నన్ను కాపాడాలనే అయ్యుండదు, నేనేం అవుతా ఆమెకు? నేను లేస్తానని అనుకోనే అట్ల అన్నిందేమో. నేను లేవలేదు. ఆ పలక ఆయన అల్లుడికే పోయింది, నేనే చేతికిచ్చినా.

తర్వాత ఏమైంది అంటావా. వారం తిరక్కముందే పదకొండు మంది ఆడపిల్లలను బడి మాన్పించినారు. మా ఎదురింటి నాగేంద్రమ్మ వీధిలో నిలబడి, ‘అక్షరాలు చెప్పమని పంపిస్తే శవాల కథలు, రెండో భార్యల కథలు నేర్పుతాందంట తల్లీ, మొగుడు లేని మనిషికి ఆ పుస్తకాలెందుకు’ అని చేతులు తిప్పింది. ఆ నాగేంద్రమ్మే నెల తిరిగినాక కిటికీ దగ్గరికి పిలిచి ‘అబ్బాయ్, ఆ రెండో భార్య పుస్తకం ఉందా, మా చెల్లెలు అడుగుతాంది’ అంది. ఆమె ఒక్కతేనా? చాపల మీద పొట్టలు పట్టుకున్న వాళ్లంతా ఒక్కొక్కరే వచ్చినారు. ‘రిజిస్టరులో ఎందుకులే చెన్నకేశవులూ’ అని తుండుగుడ్డలో చుట్టుకోని పోయినారు. రేంజరు పుస్తకాలు అన్నీ అట్లనే అరిగిపోయినాయి. కాని అది తర్వాతి మాట. ముందు బడి కమిటీ వాళ్లు రూతమ్మను పిలిపించినారు, రాజీనామా రాసియ్యమన్నారు. రాసిచ్చింది.

పోయే ముందు శుక్రవారం చేతిసంచి తీసుకోని వచ్చింది. పుస్తకాలు రెండు అరుగు మీద పెట్టి ‘వాపసు రాసుకో తమ్ముడూ’ అంది. గదిలో ఎవరూ లేరు. నేను తల ఎత్తకుండానే ‘టీచరమ్మా, నేను ప్రెసిడెంటు గారికి చెప్తా’ అన్నా. ‘ఎప్పుడు?’ అంది. అంతే, ఒక్క మాట. నేను రిజిస్టరు దగ్గరికి లాక్కోని వాపసు రాసినా. తనే మళ్లీ, ‘ఆ ఆకుపచ్చ చెప్పుల పుస్తకం పేరు చదివినప్పుడు అందరూ తెగ నవ్వినారే, అది నేనింకా చదవనే లేదు. ఎట్ల ఉంటాది?’ అంది. పాపా, నాకు సిగ్గు ఎక్కడికి పోయిందో, చెప్పడం మొదలుపెట్టినా. ఆ సత్రం, ఆ గడప ముందర ఒక్క చెప్పు, ఆ కుంటి పోస్టుమాను. రెండేళ్లుగా గొంతులో ఉన్నిందంతా కక్కినట్టు చెప్తా ఉంటే ఆమె బల్లకానుకోని వింటాంది. మాట్లాడతా మాట్లాడతా ఎప్పుడు అరుగెక్కి లోపలికి వచ్చేసిందో, నేనూ గమనించలేదు, ఆమే గమనించలేదు. సగం దాకా చెప్పినాక చెయ్యి అడ్డం పెట్టి, ‘చాలు చాలు, హంతకుడెవరో చెప్పొద్దు. ఆదివారం పగటి బండికి దొనకొండ పోతున్నా. స్టేషనుకు తెచ్చియ్యి, రైల్లో చదువుకుంటా. అన్ని మాటలు పడినందుకు కథన్నా దక్కాల గదా నాకు’ అని నవ్వింది. నిజంగానే నవ్వింది. తెస్తా అన్నా. ఒట్టేసినట్టే అన్నా.

పోయినా. పోలేదనుకోవద్దు. మన స్టేషను ఊరికి ఎంత దూరమో తెలుసు గదా, జట్కా కట్టించుకోని బండికి గంట ముందే పోయినా. పుస్తకం ఉత్తరీయం కింద పెట్టుకున్నా. ఏబేలు ట్రంకు పెట్టె ఎక్కిస్తా ఉన్నాడు. ఆమె ఆడోళ్ల పెట్టెలో కిటికీ దగ్గర కూర్చోని నన్ను చూసి చెయ్యి బయటికి పెట్టింది. పది అడుగులు ఉంటాయి, అంతే. అప్పుడే వెనకాల నుంచి, ‘ఏమయ్యా చెన్నకేశవులూ, ఇటు వచ్చితివేమి?’ అని. లక్ష్మీనరసయ్య గారు. అల్లుణ్ణి బండెక్కించడానికి వచ్చినాడంట. నేను ‘పలకల డబ్బాలు బుక్ చెయ్యాలండీ’ అన్నా. ‘రమ్ము, గూడ్సు ఆఫీసు వైపే పోవుచున్నాను’ అని నా భుజం మీద చెయ్యి వేసినాడు. ఆ కిటికీ ముందర నుంచే నడిచినాము పాపా. ఆ చెయ్యి ముందర నుంచే. పుస్తకం నా డొక్కకు గుచ్చుకుంటాంది. నేను ఆమె ఎవరో తెలియనట్టు ముందుకు చూస్తా నడిచినా. దాటినాక ఆయన ‘ఆ టీచరమ్మ పోవుచున్నట్లున్నదే. మంచిది’ అన్నాడు. నేను ‘అవునండీ, మంచిదండీ’ అన్నా. ఈ నోటితోనే. బండి కూత వేసి కదిలినాక వెనక్కి తిరిగి చూసినా. ఆ చెయ్యి ఇంకా బయటనే ఉంది.

పోస్టులో పంపొచ్చు గదా అంటావు. పంపొచ్చు. దొనకొండకు ఎంత దూరం, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. రేపు, రేపు అనుకున్నా. ఏడెనిమిదేళ్లకు పొదిలి సంతలో ఏబేలు కనపడినాడు. నన్ను గుర్తుపట్టినాడు, మార్కాపురం గ్రంథాలయం ఆయన గదా మీరు అని. అక్క బాగుందా అన్నా. ఆమె ఉన్నప్పుడు అక్కా అనలేదు గాని, తమ్ముడి ముందర అక్క అన్నా చూడు. ‘పోయిన ఎండాకాలం టైఫాయిడు వచ్చి పోయిందన్నా’ అన్నాడు. మళ్లీ తనే, ‘మా అక్కకు పుస్తకాల పిచ్చి. మార్కాపురంలో ఒక తమ్ముడున్నాడు, ఒక పుస్తకం ఇస్తానన్నాడు, పోస్టుమాను వస్తే అడగరా అనేది. ఒక ఏడాది పాటు అడిగించింది నాతో. ఎవరన్నా ఆ తమ్ముడు, మీకేమన్నా తెలుసా?’ అన్నాడు. నా మొహంలోకి చూసి అడిగినాడు, అమాయకంగా. నేను ‘తెలీదు ఏబేలూ’ అన్నా.

ఆ పుస్తకం ఉంది. నా ఇనప పెట్టెలో అడుగున, మా అమ్మ కుంకుమ బొట్టు పెట్టిన అట్టతో సహా అదే. బొట్టు నల్లగా అయిపోయింది. మళ్లీ చదివినానా అంటావా? చదవలేదు. కథ మొత్తం నోటికి వచ్చు, హంతకుడెవరో కూడా. ఎవరా? చెప్పను. ఆమె చెప్పొద్దనింది.

ష్, ఎవరో వచ్చినారు. మీ నాయనే, చెప్పుల చప్పుడు. ఉండు, దిండు కిందికి తొయ్యొద్దు. ఇటియ్యి ఆ పుస్తకం, నా ఒళ్లో పెట్టు. ఆ అట్ట కూడా పీకెయ్యి. ఏం మాలకొండయ్యా, వచ్చినావా? ఇదా? పుస్తకం. పాపది కాదు, నాదే. నేనే తెప్పించుకున్నా. అవున్రా, నాదే, నేనే చదువుతున్నా. ఇప్పుడు కాదు, నాకు నీ వయసు కూడా లేనప్పటి నుంచీ చదువుతున్నా. ఎందుకు నవ్వుతావు, నిజంగానే నాది. ...చూసినావా పాపా. ‘నీకిదేం పిచ్చి నాయనా’ అన్నాడు, నవ్వుకుంటా కాళ్లు కడుక్కోను పోయినాడు. అంతే. ఒక్క నవ్వు. ఆ రోజు సభలో కూడా ఇంతే అయ్యేదేమో. కాసేపు నవ్వి, లేచి, ఎవరింటికి వాళ్లు పోయేవాళ్లు.

...ఏం లేదులే. కంట్లో ఏదో పడింది. పో, మీ నాయనకు చెంబుతో నీళ్లియ్యి పో.